పెద్ద గాలితుపాకి: గుండును గొట్టమును



తిరునాళ్ళలో పలకమీద రంగు బుడగలు కట్టి, డబ్బు పుచ్చుకొని పిల్లలచేతను పెద్దలచేతను కొట్టించు గాలితుపాకిని మీలో చూడనివారు అరుదుగా నుందురు. దాని గొట్టపు రంధ్రము 0.177 అంగుళము, అనగా నాలుగున్నర మిల్లీమీటర్లు. అందు దూర్చు సీసపు పెల్లెట్టు కందిగింజ యంత యుండును. బుడగ పగులును, కాల్చినవాడు మురియును. అంతటితో ఆ తుపాకి పని తీరినది. గాలితుపాకి యనగా ఆటవస్తువనెడి భావము మనలో నాటుకొనుటకు ఈ బుడగల పలకయే కారణమని నా అనుమానము.

నేడు నేను చెప్పబోవునది దానికి పెద్దన్న వంటి తుపాకిని గూర్చి. దాని రంధ్రము అంగుళములో మూడవ వంతు మొదలు అర అంగుళము వఱకు ఉండును. ఒక్క రవ్వ తుపాకిమందు లేకుండ, కేవలము బిగబట్టిన గాలితో, రెండు తులముల సీసమును నూఱు గజముల దూరము పంపి జింకయంతటి జంతువును పడగొట్టగల శక్తి దానికి కలదు. ఇట్టి తుపాకిని మెఱుగుపఱచుట యెట్లు? ఎక్కువ గాలి నింపుటయా, లేక గుండును గొట్టమును చక్కబెట్టుటయా? ఇదియే నా ప్రసంగమున ముఖ్య ప్రశ్న. బొమ్మ గీచి చూపుటకు రేడియోలో వీలు లేదు గనుక, మాటలతోనే మీ మనస్సున చిత్రము నిలుపుటకు యత్నించెదను. ఉండవలె గుండ్రనిదానిని గుండు అనియు, ముక్కు తేలి పొడవుగా నుండుదానిని తూటా అనియు పిలిచెదను. గొట్టము లోపల మెలిదిరిగిన గాళ్ళుండును గదా. వానిలో పల్లమును చాలు అనియు, మెరకను గట్టు అనియు చెప్పెదను. దుక్కి దున్నిన చేను చూచినవారికి ఈ రెండు మాటలును వేఱుగ వివరింప నక్కఱ లేదు.

పెద్ద గాలితుపాకి క్రొత్త కల్పన కాదు. టిరోల్ ప్రాంతమున పుట్టిన బార్తలోమ్యూ జిరార్డోని యను తుపాకుల పనివాడు నిర్మించిన గాలితుపాకిని ఆస్ట్రియా సైన్యము 1780లో స్వీకరించెను. అది నాలుగడుగుల పొడవు గలది. భుజమునకు ఆనించు వెనుక భాగమే గాలిబుడ్డి. దానిని విప్పి, చేతిపంపుతో ఇంచుమించు 1500 మాఱులు కొట్టినగాని నిండెడిది కాదు. గొట్టము ప్రక్కన ఇరువది గుండ్లు పట్టు సన్నని గొట్టమొకటి యుండెడిది. తుపాకి మూతిని కొంచెము పైకెత్తి, అడ్డముగా నున్న ఒక పలకను నెట్టిన మాత్రమున ఒక గుండు జాఱి తన స్థానమునకు వచ్చెడిది. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించుకొను ఆ దినములలో ఇది యెంతటి వింతయో ఊహింపుడు. పొగ లేదు, నిప్పు లేదు, వానలో తడిసినను భయము లేదు.

అయినను ఆ సైనికుని సంచిలో నున్న వస్తువులలో నన్ను మిక్కిలి ఆకర్షించునది పంపు కాదు; గుండ్లు పోసికొను అచ్చు, సీసము కరగించు గరిటె. ప్రతి సైనికునకును తన తుపాకి గొట్టమునకు సరిపడు గుండ్లు తానే పోసికొనుటకు సాధనము లిచ్చిరి. గుండు గొట్టమునకు సరిపడకున్నచో 1500 మాఱుల పంపు శ్రమ గాలిలో కలిసిపోవునని ఆ నిర్మాత బాగుగ ఎఱుగును. ఈ తుపాకి 1815 ప్రాంతమువఱకు సైన్యమున నిలిచి పిమ్మట వాడుక తప్పినది. గాలిబుడ్డులు కారుటయు, మరమ్మతు చేయగల నేర్పరులు దొరకకపోవుటయు దానికి ముఖ్య కారణములు.

అమెరికాలో పడమటి ప్రాంతముల నన్వేషింపబోయిన మెరివెదర్ లూయిస్ ఒక గాలితుపాకిని వెంట గొనిపోయెను. అది జిరార్డోని పద్ధతిదే యని నేటి పరిశోధకులలో చాలమంది అభిప్రాయము. 1803 ఆగస్టు చివర, ప్రయాణము మొదలైన దినముననే, పిట్స్‌బర్గు దాపున నున్న ఒక లంకలో లూయిస్ దానిని 55 గజముల గుఱికి ఏడు మాఱులు కాల్చి చూపి, ఫలితము బాగుగనే యున్నదని దినచర్యలో వ్రాసికొనెను. తరువాత వేడుక చూడవచ్చినవాడొకడు దానిని చేత బుచ్చుకొనగా అది తటాలున ప్రేలి, 40 గజముల దూరమున నున్న ఒక స్త్రీ టోపీగుండ దూసికొనిపోయి కణతను గీచెను. ఆమె నేలబడెను, మొదట అందఱును చనిపోయినదనుకొనిరి. గాయము స్వల్పమైనదని తెలిసి ఊపిరి పీల్చుకొనిరి. గాలితుపాకి ఆటవస్తువనుకొనువారికి ఈ కథ చెప్పుట నాకు అలవాటు.

ఇక లెక్కకు వత్తము. గుండును నెట్టు బలము రెండింటిమీద ఆధారపడును: గాలి ఒత్తిడి, గొట్టపు రంధ్రపు వైశాల్యము. 0.45 అంగుళపు రంధ్రపు వైశాల్యము తిరునాళ్ళ తుపాకి రంధ్రముకంటె ఆఱు రెట్లకు మించును. అనగా ఒకే ఒత్తిడితో ఆఱు రెట్లకు పైగా బలము లభించును. పెద్ద రంధ్రము యొక్క మహిమ యంతయు ఇందే యున్నది. నేటి గాలిబుడ్డులలో ఒత్తిడి చదరపు అంగుళమునకు 3000 పౌనులు మొదలు 4500 పౌనుల వఱకు ఉండును. 3000 పౌనుల ఒత్తిడి 0.45 అంగుళపు తూటా వెనుక పూర్తిగ పనిచేసినచో, దానిని నెట్టు బలము దాదాపు 477 పౌనులు. అనగా రెండు వడ్ల బస్తాల బరువునకు మించినది.

ఇది పెద్ద సంఖ్యగా తోచును గాని, నేటి మందుతుపాకిలో ఒత్తిడి 50,000 మొదలు 60,000 పౌనుల దాక పోవును. దానిముందు మన 3000 ఎంత? అంతేకాక ఆ మందు కాలి పుట్టిన వాయువు భగ్గున మండుచున్నది. మన గాలియో గది వేడిమిలో నున్నది, వ్యాపించుకొలది ఇంకను చల్లబడును. కాబట్టి మందు చేయునది సుత్తిదెబ్బ. గాలి చేయునది త్రోపుడు. సుత్తిదెబ్బకు లోహము వంగి, ఉబ్బి, చుట్టు నున్న సందులను తనంతట తానే నింపుకొనును. త్రోపుడునకు అట్టి శక్తి లేదు. గాలితుపాకిని మెఱుగుపఱచు విద్య యంతయు ఈ ఒక్క భేదమునుండి పుట్టినదే.

పల్లెలలో పిల్లలు సన్నని వెదురుగొట్టములో పచ్చికాయ నొకదానిని దూర్చి, దాని వెనుక మఱియొకదానిని పుల్లతో నెట్టుదురు. నడుమ గాలి బిగిసి ముందుకాయ ఠప్పుమని ఎగిరిపోవును. కాయ చిన్నదైనచో చప్పుడే రాదు; గాలి ప్రక్కలనుండి జాఱిపోవును. కాయ మఱీ పెద్దదైనచో పుల్ల విఱుగును. సరిపడు కాయ నేఱుటకై ఆ పిల్లలు చెట్టుక్రింద ఎంతసేపు వెదకుదురో మీరు చూచియే యుందురు. పెద్ద గాలితుపాకి వానికి తూటా నేఱుకొనుట కూడ ఇట్టి పనియే. ఇచట కొలత మాత్రము అంగుళములో వెయ్యవ వంతు, తలవెండ్రుక మందములో సుమారు మూడవ వంతు.

మందుతుపాకి చరిత్రలో ఈ చిక్కును తప్పించిన ఉపాయమొకటి కలదు. 1849లో ఫ్రాన్సు దేశపు సేనాని మినియే ప్రసిద్ధిలోనికి తెచ్చిన తూటాకు అడుగు డొల్ల. గొట్టములో వదులుగా దిగును. మందు ప్రేలినప్పుడు డొల్ల అంచు విచ్చుకొని చాళ్ళను నింపును. గాలితుపాకి తూటాకును డొల్ల అడుగు పెట్టుట కలదు. పలుచని అంచు మెత్తని సీసపుదైనచో గాలి ఒత్తిడికి కూడ కొంత విచ్చుకొనును. కాని అడుగు నిండుగా నున్న తూటా విషయమున దీనిని నమ్ముకొనరాదు. సీసములో తగరమో ఆంటిమనీయో కలిపి గట్టిపఱచినచో ఆ ఆశ పూర్తిగ వదలుకొనవలసినదే. మందుతుపాకికి గట్టి తూటా మేలు. ఎందుకనగా మెత్తని సీసము ఆ వేడికి, వేగమునకు ఓర్వక గొట్టమునకు పూతవలె అంటుకొనును. గాలితుపాకికి ఆ బెడద స్వల్పము. అందుచేత శుద్ధమైన సీసమునో, తగరము నామమాత్రముగ కలిసిన సీసమునో వాడుట ఉత్తమము. మందుతుపాకులవారి పుస్తకములు చదివి గట్టి లోహమును గాలితుపాకిలో వాడువారు అనేకులు. వారి కాగితపు గుఱిమీద రంధ్రములు చెదరిన తీరే దాని ఫలితమును చెప్పును.

కావున మొదట గొట్టమును కొలువవలెను. తయారుచేసినవాడు 0.45 అని వ్రాసినంతమాత్రమున అది 0.45 కాదు. కొలుచు పద్ధతి సులభము. గాలిబుడ్డిలో గాలి లేకుండ చేసి, గొట్టమును నూనెగుడ్డతో తుడిచి, రంధ్రముకంటె కొంచెము పెద్దదగు మెత్తని సీసపు గుండును మూతివద్ద మెల్లగ దిగగొట్టి, లోహపుకడ్డీకి గుడ్డ చుట్టి వెనుక కొసకు నెట్టవలెను. ఒక మిత్రుని లైసెన్సు తుపాకి గొట్టమును నేనిట్లు కొలిచితిని. కడ్డీ చేతిలో నుండగా గొట్టము తన సంగతి తానే చెప్పును: ఇచట బిగువు, ఇచట వదులు, ఇచట గరుకు. సమముగా బిగువై, మూతివైపు లేశమాత్రము ఎక్కువ బిగువైన గొట్టము అదృష్టవంతునకు దొరకును. వెనుక బిగువై ముందునకు వదులగు గొట్టమును ఎంత గొప్ప తూటాయు బాగుచేయలేదు. బయటికి వచ్చిన సీసముమీద చాళ్ళు మెరకగాను, గట్లు పల్లముగాను అచ్చుపడి యుండును. మెరకమీది కొలతను మైక్రోమీటరుతో చూచినచో చాళ్ళ వ్యాసము తెలియును. తూటా వ్యాసము దీనికి సరిసమానముగ గాని, ఒక్క వెయ్యవ వంతు హెచ్చుగ గాని ఉండవలెను. రెండు మూడు వెయ్యవ వంతులు హెచ్చినచో మందు దానిని లెక్కచేయదు. గాలి మాత్రము తనకున్న కొద్ది బలములో కొంత భాగమును ఆ రాపిడికి ధారపోయును.

తూటా వదులైనచో నష్టమేమి? గాలి కాఱుటయే యని సామాన్యముగ అనుకొందురు. లెక్క వేసి చూచినచో, 0.45 అంగుళపు తూటా చుట్టును రెండు వెయ్యవ వంతుల సందున్నను, ఆ సందు వైశాల్యము రంధ్రపు వైశాల్యములో నూటికి రెండు పాళ్ళు కూడ కాదు. కాఱిన గాలికంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. వదులు తూటా గొట్టములో నిటారుగ పండుకొనక ఒక ప్రక్కకు ఒరగును. దాని బరువు కేంద్రము గొట్టపు నడిమిగీతనుండి తొలగును. లోపల నున్నంతసేపు గోడలు దానిని పట్టి త్రిప్పును. మూతి దాటగానే, వడిసెల విడిచిన రాయివలె, అది ప్రక్కకు విసరివేయబడును. 30 అంగుళములకు ఒక చుట్టు మెలిగల గొట్టమునందు బరువు కేంద్రము ఒక్క వెయ్యవ వంతు తొలగినచో, నూఱు గజముల దూరమున తూటా ముప్పాతిక అంగుళము ప్రక్కకు పోవును. ఒకమాఱు ఎడమకు, ఒకమాఱు కుడికి పోయినచో రెండు రంధ్రముల నడుమ అంగుళమున్నర. మూడు వెయ్యవ వంతులు తొలగినచో నాలుగున్నర అంగుళములు. విచిత్రమేమనగా ఈ లెక్కలో తూటా వేగముతో పనిలేదు. ఎంత గాలి నింపినను ఈ దోషము పోదు. పోత పోసినప్పుడు తూటా లోపల బుడగ నిలిచినను ఫలితమిట్టిదే. అందుచేతనే నేర్పరులు పోసిన తూటాల నన్నింటిని త్రాసున తూచి, తేలికైనవానిని మఱల మూసలో వేయుదురు.

తూటా బరువు సంగతి చూతము. పూర్వపు వెండిరూపాయి ఎత్తు ఒక తులము. ఇంగ్లీషు తూనికలో 180 గ్రెయిన్లు. అర అంగుళమునకు కొంచెము తక్కువైన జిరార్డోని గుండు, అనగా 0.46 అంగుళపు సీసపు ఉండ, 146 గ్రెయిన్లు తూగును. ముప్పాతిక తులమునకు మించును. నేటి తూటాలు తులమున్నర, రెండు తులములు తూగునవి కలవు. ఒక తులపు తూటా క్షణమునకు 1000 అడుగుల వేగముతో వెడలినదనుకొందము; దాని శక్తి 400 అడుగు-పౌనులు. అదే గొట్టమునుండి రెండు తులముల తూటా 750 అడుగుల వేగముతో వెడలినచో శక్తి 450. బరువు రెట్టింపైనను వేగము సగము కాదు. ఏలయనగా బరువైన తూటా మెల్లగ కదలును. గొట్టములో ఎక్కువసేపు నిలుచును. అంతసేపును గాలి దానిని త్రోయుచునే యుండును. బయటికి వెడలిన తరువాత కూడ బరువైన పొడవు తూటాయే గాలి నిరోధమును బాగుగ త్రోసికొనిపోవును. ఇది మందుతుపాకిలోకంటె గాలితుపాకిలో స్పష్టముగ కనిపించును.

కాని దీనికొక అదనపు షరతు కలదు. గాలిబుడ్డికి గొట్టమునకు నడుమ కవాటముండును. మీట నొక్కగా ఒక సుత్తి స్ప్రింగు బలముచే కవాటమును కొట్టి క్షణకాలము తెఱచును. తేలిక తూటాకై అమర్చిన కవాటము బరువు తూటాకు చాలదు. తూటా సగము దారిలో నుండగనే మూసికొనును. బరువు తూటాకై అమర్చినది తేలిక తూటా వెడలిపోయిన తరువాత కూడ తెఱచియే యుండి గాలిని బుస్సున వృథాపుచ్చును. కాబట్టి తూటాను మార్చినవాడు స్ప్రింగు బిగువును గూడ మార్చికొనవలెను. తూటా మూతి దాటుటకు కొంచెము ముందుగా కవాటము మూసికొనుట ఆదర్శము.

పొడవు తూటాకు రెండవ షరతు మెలి. గుండ్రని ఉండకు ఎటు తిరిగినను ఒకటే రూపము గనుక మెలి కొంచెమున్న చాలును. పొడవు తూటాయో, బొంగరమువలె తిరుగుచున్నంతవఱకే నిటారుగ పోవును; తిరుగుడు చాలనిచో గాలిలో పల్టీలు కొట్టును. ఈ విషయమున శాస్త్రపద్ధతిని ప్రవేశపెట్టినవాడు ఇంగ్లండు దేశీయుడగు బెంజమిన్ రాబిన్సు. ఆయన 1742లో ప్రకటించిన గ్రంథములో తుపాకిగుండు వేగమును కొలుచుటకు వ్రేలాడు దిమ్మె నొకదానిని వర్ణించెను. గుండు తగిలి దిమ్మె ఎంత ఊగెనో చూచి వేగమును గణించుట ఆ పద్ధతి. ఆయనకు మన దక్షిణదేశముతో సంబంధమున్నదని చాలమందికి తెలియదు. ఈస్టిండియా కంపెనీవారి కోటలను బాగుచేయుటకై వచ్చి, 1751లో కడలూరు దాపున నున్న సెంటు డేవిడు కోటలో జ్వరముచే మరణించెను. తుపాకిశాస్త్రమునకు పితామహుడనదగినవాడు మన కోరమండల తీరపు మట్టిలో కలిసెను.

ఎంత పొడవు తూటాకు ఎంత మెలి కావలెనను ప్రశ్నకు 1879లో ఊలిచ్‌నందు గణితాచార్యుడగు గ్రీన్‌హిల్ ఒక సులభసూత్రము నిచ్చెను. తూటా పొడవు దాని వ్యాసమునకు ఎన్ని రెట్లో చూచి, ఆ సంఖ్యచే 150ని భాగింపవలెను. వచ్చినది, ఒక చుట్టు తిరుగుటకు పట్టు దూరము ఎన్ని వ్యాసములో తెల్పును. 0.45 అంగుళపు తూటా పొడవు వ్యాసమునకు రెండు రెట్లైనచో 75 వ్యాసములు, అనగా సుమారు 34 అంగుళములకు ఒక చుట్టు. మూడు రెట్లైనచో 50 వ్యాసములు, అనగా 22½ అంగుళములు. చూచితిరా! తూటాను ఒక్క వ్యాసము పొడిగించినంతమాత్రమున గొట్టమే మార్చవలసి వచ్చును. ఈ సూత్రము మందుతుపాకి వేగములకై చెప్పబడినది గనుక, గాలితుపాకి విషయమున మెలి ఇంతకంటె కొంచెము బిగువుగా నుండుట క్షేమము. బరువు పెంచవలెనను ఆశతో పొడవు పెంచువారు, తమ గొట్టపు మెలిని ముందుగా కొలిచికొనవలెను. కడ్డీకి గుడ్డ బిగించి నెట్టుచు, కడ్డీమీద ఒక గుర్తు పెట్టి, అది పూర్తిగ ఒక చుట్టు తిరుగుటకు ఎన్ని అంగుళములు లోపలికి పోయెనో చూచినచో చాలును. తూటా పల్టీ కొట్టుచున్నదో లేదో కాగితమే చెప్పును: రంధ్రము గుండ్రముగ నున్నచో తూటా నిటారుగ పోయినది, తాళపుచెవి రంధ్రమువలె నిడుపుగ చినిగినచో అడ్డముగ తగిలినది.

గొట్టము పొడవును గూర్చి పెద్దగా చెప్పనక్కఱ లేదు. మందు తన బలమును మొదటి కొన్ని అంగుళములలోనే చాలవఱకు వెచ్చించును. గాలి చివరి అంగుళమువఱకు త్రోయును. కనుక మోయగలిగినంత పొడవు మేలు. ముప్పది అంగుళముల గొట్టము పెద్ద గాలితుపాకికి వింత కాదు.

పొడవుకంటె సూక్ష్మమైనది గొంతుక, అనగా గట్లు మొదలగు చోటు. తూటా ఇచటనే మొదటిమాఱు గట్లను కఱచును. గట్టు మొన నిటారుగ నున్నచో సీసమును చెక్కివేయును. తూటా ప్రక్కకు ఒరగును. ఏటివాలు రేవువలె మెల్లగ లేచినచో తూటా తనంతట నడుమకు వచ్చి కూర్చుండును. తయారీదారులు తొందరలో వదలివేయు చోటు కూడ ఇదియే. గట్లు తక్కువ ఎత్తుగ నుండుట కూడ గాలితుపాకికి అనుకూలము. లోతైన చాళ్ళు దున్నుటకు గాలి యను ఎద్దునకు బలము చాలదు. కవాటమునుండి గొట్టమునకు గాలి వచ్చు దారియు ఇరుకు కారాదు. ఆ దారిలో అంచులు వాడిగ నున్నచో గాలి సుడి తిరిగి బలము కోల్పోవును. అచట నున్న లోహపుపొట్టును తీసి నునుపుచేసినంతనే వేగము పెఱుగుట కద్దు. మూతి విషయము మఱచిపోరాదు. తూటాను చివరిసారి ముట్టుకొనునది మూతి పెదవి. అది ఒక ప్రక్క నొక్కుకొని యున్నచో, అటువైపు గాలి ముందుగ వెలికి వచ్చి తూటా తోకను ప్రక్కకు త్రోయును. తుపాకిని గోడకు ఆనించి మూతి నేలకు తగులునట్లు నిలుపు అలవాటు గలవారు ఈ పెదవిని తామే పాడుచేసికొందురు. అయితే ఒక హెచ్చరిక: మెఱుగు పెట్టుటయందు అత్యాశ కూడదు. గొట్టమంతయు పొడి వేసి రుద్దినవాడు గరుకుతో పాటు కొలతను గూడ పోగొట్టుకొనును; అరిగిన ఉక్కును మఱల తెచ్చి అతికించువాడు లేడు.

ఇన్ని తిప్పలేల, ఇంకను ఎక్కువ గాలి నింపరాదా యని మీరడుగవచ్చును. ఇది ప్రతివానికిని మొదట తట్టు ఆలోచన. నా అభిప్రాయము స్పష్టము: అది చివరి ఉపాయము గాని మొదటిది కాదు. గాలికి శబ్దవేగమను స్వాభావికమైన హద్దు కలదు; అది క్షణమునకు ఇంచుమించు 1125 అడుగులు. తూటా ఆ వేగమును సమీపించుకొలది దాని వెంట పరుగెత్తుటకే గాలి తన బలమును ఖర్చుపెట్టుకొనును. ఒత్తిడి పెంచినకొలది లాభము సన్నగిల్లును. హీలియము వాయువులో శబ్దవేగము గాలిలోకంటె దాదాపు మూడు రెట్లు గనుక, దానిని నింపిన తుపాకి ఎక్కువ వేగము నిచ్చుట నిజమే. కాని ఆ ఖర్చు అందఱును భరింపలేరు. పైగా శబ్దవేగమును తాకు తూటా గాలిలో తడబడి గుఱి చెడుట తఱచు చూచుచున్నదే. క్షణమునకు 750 మొదలు 950 అడుగుల నడుమ నిలకడగ పోవు బరువు తూటాయే నాకు ఇష్టము.

గాలిబుడ్డి విషయమున ప్రాణభయము గూడ కలదు. బుడ్డిమీద ముద్రించిన ఒత్తిడిని మించి ఒక్క పౌనైనను నింపరాదు. ఎక్కువ ఒత్తిడి గాలి యున్నచోట సామాన్యమైన నూనె, గ్రీజు పూయరాదు. అవి అంటుకొని ప్రేలును. ప్రాణవాయువును ఎన్నడును నింపరాదు. ఇవి తెలిసినవారికి కొత్త కాదు గాని, తెలియనివాడొక్కడు విన్నను ఈ నాలుగు మాటలకు ఫలమున్నది.

గుఱి చెదరిన అంగుళములను గూర్చి ఇంత పట్టుదల దేనికని తోచవచ్చును. అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో ఈ తుపాకులతో జింకలను వేటాడుటకు చట్టము అనుమతించుచున్నది. మందుతుపాకి తూటా తన వేగముచేత కొంత తప్పును కప్పిపుచ్చును. గాలితుపాకి తూటాకు అట్టి వేగము లేదు. తగులవలసిన చోట తగిలిననే జంతువు వెంటనే పడును. నాలుగంగుళములు తప్పినచో గాయముతో పొదలలోనికి పోయి దినమంతయు కుమిలి చచ్చును. గొంతుక నునుపు, తూటా కొలత యనునవి ఆ మూగజీవి బాధను నిర్ణయించునవి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక ఇచట ఆ ప్రసక్తి లేదు. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము రంధ్రము 0.177 అంగుళమును మించినను, మూతివద్ద శక్తి 20 జౌలులను మించినను లైసెన్సు కావలెను. ఇందాక చెప్పిన 450 అడుగు-పౌనులు 610 జౌలులు. ఆ హద్దునకు ముప్పది రెట్లు. కావున మనలో చాలమందికి ఇది కాగితపు గుఱికి, తెలిసికొను కుతూహలమునకు సంబంధించిన విషయమే.

అయినను ఆ కుతూహలమును తీర్చుకొనుటకు పెద్ద తుపాకి యవసరము లేదు. తిరునాళ్ళ తుపాకి పెల్లెట్టును పరికింపుడు: నడుము సన్నము, తోక డొల్ల, అంచు పలుచన. మినియే తూటా ఉపాయమే ఇచట చిన్నరూపమున నున్నది. తడి బంకమన్నును ఒక పెట్టెలో మూరెడు మందమున దట్టించి, వెనుక గట్టి గోడ యుండునట్లు చూచుకొని, దానిలోనికి పది పెల్లెట్లు కాల్చి, జాగ్రత్తగ త్రవ్వి తీసి కడిగి, భూతద్దముతో చూడుడు. తోక అంచుచుట్టును గట్ల గీతలు సమాన లోతుగ పడియున్నచో ఆ పెల్లెట్టు ఆ గొట్టమునకు సరిపడినది. ఒక ప్రక్క లోతుగను, ఎదుటి ప్రక్క అసలే లేకయు నున్నచో అది ఒరిగి పోయినది; మఱియొక కంపెనీ పెల్లెట్టు తెచ్చి చూడవలెను. గీతలే లేనిచో గొట్టము అరిగినదని తెలిసికొనుడు.